చేతికి మోటారు తోడు
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)



మిల్లింగు అను మాట చెవిని బడగానే పల్లెలలో వడ్లమరయు పిండిమరయు స్ఫురించుట సహజము. నేటి ప్రస్తావన ఆ మరలను గూర్చి కాదు. ఇనుమును, ఇత్తడిని చెక్కి చదును చేయుటకు, గాడి తీయుటకు పనికివచ్చు యంత్రము వేరొకటి గలదు. దానికిని మిల్లింగు యంత్రమనియే పేరు. లేతు యంత్రమున వస్తువు తిరుగును, ఉలి దానిని ఒరసికొని సాగును. మిల్లింగున పళ్లుగల కట్టరు తిరుగును. బల్లపై బిగించిన వస్తువు మెల్లగా దాని క్రిందికి జరుగును. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములలో బోరు మోటార్లకు, ట్రాక్టరు పనిముట్లకు మరమ్మతు చేయు లేతు షాపులను ఎరుగనివారు అరుదు. మిల్లింగు యంత్రము అంత పరిచితము కాదు. 1959లో వనపర్తి రాజప్రాసాదమున పాలిటెక్నిక్ వెలసిన పిమ్మట ఈ సీమ బిడ్డలకు యంత్రవిద్య ఇంటికి చేరువైనది.

పెద్ద కర్మాగారపు యంత్రములలో బల్ల తనంతట తాను జరుగును. దీనినే ఫీడు అందురు. ఉత్సాహవంతులు ఇంటి కొట్టములో పెట్టుకొను చిన్న యంత్రములలో పెక్కింటికి ఈ వసతి లేదు, చేతిచక్రమే గతి. బల్ల క్రింది మరస్క్రూ ఒక చుట్టు తిరిగిన బల్ల 5 మిల్లీమీటర్లు జరుగుననుకొందము. 200 మిల్లీమీటర్ల ఇనుపబద్దను ఒక్కసారి చెక్కుటకు 40 చుట్లు తిప్పవలెను. ఒక మారుతో పని తీరదు. పది మార్లు చెక్కిన 400 చుట్లు. తిప్పుటకన్న సమముగా తిప్పుట కష్టము. చేయి ఆగినచోట కట్టరు కోయక రాచుకొని వేడెక్కును. తొందరపడినచోట యంత్రము గడగడలాడి పని ముఖమున గీతలు పడును.

ఎంత వేగము కావలెనో లెక్క వేయుట సులభమే. కట్టరుకు 4 పళ్లు, నిమిషమునకు 400 చుట్లు, ఒక్కొక్క పన్ను 0.05 మిల్లీమీటరు మేర కోయవలెననిన, మూటిని హెచ్చవేయగా నిమిషమునకు 80 మిల్లీమీటర్లు. 5 మిల్లీమీటర్ల స్క్రూ అయినందున నిమిషమునకు 16 చుట్లు. మనిషి ఆ వేగమున తిప్పలేక కాదు. పది నిమిషములు అదే వేగమున తిప్పలేడు.

ఇందుకు ఇంటి పనివారు కనుగొన్న ఉపాయము పాత సామాను కొట్టులో దొరకునదే. కారు అద్దమును తుడుచు వైపరు మోటారు 12 వోల్టుల బ్యాటరీతో నడచును. లోపలనే మరపళ్ల ఏర్పాటుండుటచే మెల్లగా, బలముగా తిరుగును. దానిని స్క్రూ కొనకు తగిలించి, వేగమును తగ్గించు సాధనమును, ముందునకు వెనుకకు త్రిప్పు స్విచ్చును చేర్చినచో ఫీడు సిద్ధము. అయితే ఆ మోటారు ఆగియున్నప్పుడు స్క్రూను చేతితో త్రిప్పబోయిన కదలదు, ఆ పళ్ల తీరే అట్టిది. కావున మోటారును స్క్రూ నుండి విడదీయు క్లచ్చి తప్పనిసరి. కొలత సరిచూచుట, కట్టరును పనికి ఆనించుట చేతి చలవతోనే జరుగవలెను గదా.

ఒక్క హెచ్చరిక. చేతికి అడ్డు తగిలిన తెలియును, మోటారుకు తెలియదు. బల్ల కొసకు చేరగానే విద్యుత్తును ఆపు స్విచ్చులు రెండు వైపులను ఉండవలెను; ఫ్యూజు ఉండవలెను. పాత యంత్రమున స్క్రూ వదులైనచో కట్టరు పళ్లు తిరుగు దిశకు ఎదురుగనే బల్లను నడపవలెను. అదే దిశలో నడపిన పళ్లు బల్లను తమవైపు లాగికొని కట్టరు విరుగవచ్చును.

ఇనుము పని ముచ్చట నేతగాండ్రు కూర్చున్న సభలో ఎందుకని అనుకొనవచ్చును. ఇదే ఉపాయము తెలంగాణ మగ్గముల నడుమ ఒక తల్లి భుజమును కాపాడినది. ఆలేరు సమీపమున శారాజీపేట గ్రామస్థుడు చింతకింది మల్లేశము. పోచంపల్లి ఇక్కత్తు చీరకు రంగు వేయుటకు ముందు పేక నూలును ఆసు పోయవలెను: నడుమ మేకు నుండి అర్ధచంద్రాకారముగా నాటిన మేకులకు పోగును అటునిటు త్రిప్పుచు చుట్టుట. ఒక చీరకు చేయి సుమారు 9,000 మార్లు ఆడవలెను. రోజునకు రెండు చీరలు పోసిన 18,000. ఆయన తల్లి లక్ష్మమ్మ భుజము నొప్పితో బాధపడుట చూచి, బడి చదువు మధ్యలోనే ఆగిన ఆ యువకుడు 1992లో యంత్రనిర్మాణమునకు పూనుకొనెను. డబ్బు చాలలేదు, ఊరివారు నవ్విరి. హైదరాబాదున కూలిపని చేయుచు, బాలానగరులో ఒక యంత్రపు కదలికను చూచినప్పుడు తనకు చిక్కని చివరి ముడి విడినది. 1999లో యంత్రము పూర్తి అయినది. తల్లి పేరనే దానికి లక్ష్మీ ఆసు యంత్రమని పేరిడెను. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగినది. 2017లో పద్మశ్రీ లభించినది.

ఆయన మగ్గమును మరమగ్గముగా మార్చలేదు. రంగుల అమరికను, ముడిని, నేతను చేతికే విడిచి, చేయి మరల మరల ఆడు ఆ ఒక్క కదలికను మోటారుకు అప్పగించెను.

గద్వాల మగ్గము కథ వేరు. నూలు ఒడలికి పట్టు అంచులను జోడించు నేతలో మూడు నాడెలు ఆడును. అంచు పోగును, ఒడలి పోగును ప్రతి వరుసయందు చేతితో పెనవేయవలెను. ఆ పెనకువకు మోటారు పనికిరాదు. అది పోయిన గద్వాల చీర గద్వాల చీర కాదు. కాని జకార్డును ఎత్తు తొక్కుడు చెక్క అట్టిది కాదు. 5.5 మీటర్ల చీరలో అంగుళమునకు 60 పేకపోగులనుకొనిన, సుమారు 13,000 పోగులు. అంచు పని పొడవునను ఆ కాలు మోకాలి బలముతో జకార్డును ఎత్తవలసినదే. చెక్క ఎత్తుటకు చిన్న మోటారు అమర్చు సాధనములు నేడు ఉన్నవి. కొందరు నేతగాండ్రు, కాలు మోటారుదైన చేనేత పేరు నిలుచునా అని శంకించుదురు. కొన్ని రకముల చీరలను చేమగ్గమునకే కేటాయించిన 1985 నాటి చట్టము ఉన్నందున ఆ శంక వట్టిది కాదు. పోగును నాడెతో నడపునది చేయియా మోటారా అనునదే ముందు తేలవలసిన ప్రశ్న.

యువకులెవరైన ఈ పనికి పూనుకొనినచో మోటారు కొనకముందు చేయదగిన పని ఒకటి గలదు. తొక్కుడు చెక్కకు స్ప్రింగు కాటా తగిలించి ఎన్ని కిలోల బలమున దిగునో చూడవలెను. ఒక పూట మగ్గము ప్రక్కన కూర్చుండి నేతగాడు ఎన్ని మార్లు త్రొక్కెనో, ఎచ్చట ఆగెనో, ఆగి ఏమి సరిచేసెనో వ్రాసికొనవలెను. ఆ ఆగుటలన్నిటికిని మోటారు కూడ ఆగవలెను; స్విచ్చు అతని పాదము క్రిందనే ఉండవలెను.