జబ్బు నడిచే దారి

 

ఆ ఎదురుగా కనిపించే గురుభక్తుల కొండ మీద ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు ఉండేవారని మీకు నేను చెప్పక్కర్లేదు. భిక్షువు దగ్గర ఉండదగిన వస్తువులు ఎనిమిదే. బట్టలు, భిక్షాపాత్ర, సూది వంటి వాటితో పాటు నీళ్లు వడగట్టుకునే గుడ్డ కూడా ఆ ఎనిమిదిలో ఉంది. నీటిలోని చిన్న ప్రాణులు తమ వల్ల చావకూడదని వారి నియమం. నేను వైద్యుణ్ణి కనుక నాకు ఆ గుడ్డలో ఇంకొకటి కనిపిస్తుంది. నీటిలోంచి మనిషిలోకి జబ్బు నడిచే దారికి అది అడ్డం.

నారికురుపు పేరు పెద్దవాళ్లు వినే ఉంటారు. రాయలసీమ పల్లెలను పట్టి పీడించిన జబ్బు అది. దిగుడుబావి నీటిలో కంటికి ఆనీ ఆనని ఓ పురుగు ఉండేది. దాని కడుపులో నారిపురుగు పిల్ల. ఆ నీళ్లు తాగితే ఏడాది తిరిగేసరికి కాలు పొంగి, కురుపు పగిలి, రెండు మూడడుగుల పురుగు దారంలా బయటికొచ్చేది. మంట తట్టుకోలేక మనిషి ఆ కాలు బావిలో పెట్టేవాడు. పురుగు వేల పిల్లల్ని నీటిలో వదిలేది. మళ్లీ మొదలు! దానికి మందు లేదు, టీకా లేదు. నీళ్లు గుడ్డతో వడగట్టడం, దిగుడుబావిలో కాలు పెట్టకుండా ఆపడం, ఇలాంటి పనులతోనే దాన్ని తరిమేశాం. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలో నారికురుపు లేదని ధ్రువీకరించింది. మన ప్రజారోగ్య చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన గెలుపు ఇదే. ఇది ఎక్కువగా ఊళ్లు గెలిచిన గెలుపు.

అయితే గుడ్డ అన్నిటినీ ఆపదు. 2024 అక్టోబరులో మన పక్క మండలం గుర్లలో ఏం జరిగిందో మీ చుట్టాల నోటే విని ఉంటారు. వందమందికి పైగా వాంతులు, విరేచనాలతో పడిపోయారు. ప్రాణాలు పోయాయి. అప్పుడు అందరి కళ్లూ తాగునీటి మీదా, చంపావతి ఒడ్డున జరుగుతున్న బహిరంగ మలవిసర్జన మీదా పడ్డాయి. చంపావతి మనది కూడా. నెల్లిమర్ల మీదుగా వెళ్లి కోనాడ దగ్గర సముద్రంలో కలిసే ఏరు అది. పైఊరి వాళ్లు ఏరుకి ఇచ్చిందే కిందిఊరి వాళ్ల బిందెలోకి వస్తుంది.

నీరు ట్యాంకులో బాగానే ఉండి, కుళాయి దగ్గర పాడవడం కూడా ఉంది. దీన్ని కాస్త శ్రద్ధగా వినండి. మన పైపులు చాలాచోట్ల మురుగు కాలువ పక్కనుంచో, అందులోంచో పోతాయి. నీళ్లు వదిలినంతసేపూ ఒత్తిడి ఉంటుంది కాబట్టి చిల్లులోంచి నీరు బయటికి కారుతుంది. సరఫరా ఆపగానే ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు అదే చిల్లు మురుగును లోపలికి లాక్కుంటుంది. మర్నాడు పొద్దున్న మొదటి బిందె పట్టే ఇల్లాలికి దక్కేది ఆ నీళ్లే. అందుకే ట్యాంకులో బ్లీచింగ్ వేశారా అని అడిగితే సరిపోదు. ఊరి చివరి కుళాయి నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి.

ఇక కొండవార తుప్పల సంగతి. కట్టెలకూ, గడ్డికీ, జీడితోటల్లో పనికీ వెళ్లేవాళ్లు స్క్రబ్ టైఫస్ అనే జ్వరం మాట తప్పకుండా వినాలి. ఎలుకల ఒంటి మీదా, తుప్పల్లోనూ నల్లి జాతికి చెందిన ఓ సన్నపు పురుగు ఉంటుంది. దాని పిల్ల దశ మాత్రమే కుడుతుంది. అది మిల్లీమీటరు కూడా ఉండదు. నొప్పీ తెలియదు. తల్లి పురుగు నుంచి గుడ్డుకే జబ్బు క్రిమి సంక్రమిస్తుంది, కాబట్టి ఆ తుప్ప ఏళ్ల తరబడి ప్రమాదమే. కుట్టిన వారం పది రోజులకు జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు. మనిషి నుంచి మనిషికి అంటదు, కనుక రోగిని చూసి భయపడొద్దు.

ఒకసారి పదిరోజుల జ్వరంతో ఒక తల్లి నా దగ్గరికి వచ్చింది. మలేరియా లేదు, డెంగీ లేదు, టైఫాయిడ్ లేదు. కాగితాల కట్ట మాత్రం లావుగా ఉంది. ఏ పనికి వెళ్తున్నావమ్మా అని ఆమెను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. గడ్డి కోతకి అంది. నర్సమ్మ లోపలికి తీసుకెళ్లి చూస్తే చీర కుచ్చెళ్ల దగ్గర, బీడీ చురక పెట్టినట్టు నల్లటి చెక్కు. డాక్సీసైక్లిన్ మాత్రలు ఇచ్చాను, చవకైనవే. మూడోరోజుకి జ్వరం దిగింది. ఆలస్యమైతే ఇదే జబ్బు ఊపిరితిత్తులనూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది. పురుగు కుట్టిన చోట పడే ఆ చెక్కు అందరికీ కనిపించదు. కనిపించేది కూడా చంకల్లోనో, గజ్జల్లోనో దాగి ఉంటుంది. ఆడవాళ్లు చెప్పుకోలేని చోట్లు. సిగ్గుపడొద్దమ్మా, మీరు చేసే పనేమిటో, మచ్చ ఎక్కడుందో డాక్టరుకి మీరే చెప్పండి.

పశువుల నుంచి కూడా జబ్బు మనిషికి నడిచి వస్తుంది. ఉన్నట్టుండి గొర్రె చచ్చి, ముక్కులోంచి నల్లటి రక్తం కారితే కోయకండి, తోలు తియ్యకండి. అది దొమ్మ రోగం అయి ఉండొచ్చు. దాని క్రిమి విత్తనంలా మట్టిలో దశాబ్దాలు బతుకుతుంది. ముందు పశువుల డాక్టరుకి కబురు పెట్టండి.

మళ్లీ నీళ్ల మాటకి వద్దాం. శివరాత్రి జాతరకి ఎంత జనం వస్తారో మీకు తెలుసు. ఆ వేలమంది తాగేది మన ఊరి నీళ్లే. క్లోరిన్ చూసే మందు ఈ చిన్న సీసాలో తెచ్చాను. నాలుగు చుక్కలు వేస్తే నీళ్లు పసుపు రంగు తిరగాలి. ఊరి చివరి వీధి నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, వెళ్లి మీ కుళాయి నీళ్లు ఒక చెంబుడు పట్టుకురండి. ఇక్కడే, అందరి ముందూ చూద్దాం.