సాయిసు చేతి చలవ



గుర్రాల గురించి మాట్లాడమంటే అందరూ పరుగు గురించే వినాలనుకుంటారు. నేను ఈ రోజు గుర్రం నిలబడటం గురించి చెప్పదలచుకున్నాను.

వినాయక నిమజ్జనం నాడు బాలాపూర్ శోభాయాత్ర చార్మినార్, అఫ్జల్‌గంజ్ దాటి మొజంజాహీ మార్కెట్ కూడలికి చేరుతుంది. ఇంకా ఎన్నో వీధుల విగ్రహాలు అక్కడే వచ్చి కలుస్తాయి. డప్పులు, డీజే పెట్టెలు, గాలిలో గులాల్, కాళ్ల దగ్గర టపాసులు. అలాంటి జనం అంచున బందోబస్తు గుర్రం ఒకటి కదలకుండా నిలబడాలంటే దాని వెనుక ఎంత పని ఉండాలో ఆలోచించండి. గుర్రం పారిపోయి ప్రాణం దక్కించుకునే జంతువు. కళ్లు తలకు చెరో పక్కన ఉండటంతో దాదాపు 350 డిగ్రీల మేర చూస్తుంది. ముక్కు ఎదుట, తోక వెనుక కొంచెం మేరే దానికి కనబడదు. అందుకే వెనక నుంచి హఠాత్తుగా వస్తే తంతుంది. దాన్ని మనం పొగరు అంటాం. అది భయం.

హైదరాబాద్‌కు గుర్రం కొత్తది కాదు. మొజంజాహీ మార్కెట్‌కు కూతవేటు దూరంలోని గోషామహల్ నగర పోలీసు అశ్వదళం పేరుతో ముడిపడిన చోటు. ఏసీ గార్డ్స్ అనే పేటకు ఆ పేరు నిజాం ఆఫ్రికన్ అశ్వదళం వల్ల వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లు పాలస్తీనా దాకా వెళ్లారు. ఆ సైనికుల పేర్లు శిలల మీద చెక్కారు. వాళ్ల గుర్రాలను మేపి, తోమి, లాడం కొట్టించినవాళ్ల పేర్లు మాత్రం మనం తలచుకోం. నా బాధ అక్కడే.

తబేలాలో రోజు తెల్లవారకముందే మొదలవుతుంది. తలుపు తీయగానే గుర్రాల ఆలనాపాలనా చూసే సాయిసు మొదట చూసేది గుర్రాన్ని కాదు, తొట్టినీ లద్దినీ. రాత్రి వేసిన గడ్డి మిగిలిందా? నీళ్లు తగ్గాయా? లద్ది ఎప్పటిలా పడిందా, గట్టిపడిందా? గుర్రానికి వాంతి రాదు. పొట్ట శరీరంతో పోలిస్తే చాలా చిన్నది, అందులో ఆమ్లం రోజంతా ఊరుతూనే ఉంటుంది. కాబట్టి ఒకేసారి బస్తా కుమ్మరిస్తే కడుపు శూల, గంటల తరబడి ఖాళీగా ఉంచితే పుండ్లు. గుర్రం నేల మీద పొర్లుతూ, మాటిమాటికీ తల తిప్పి తన డొక్క వైపు చూసుకుంటుంటే డాక్టరుకు ఫోన్ చేయడానికి ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. శూల గంటల్లో ప్రాణం తీస్తుంది.

సుమారు 450 కిలోల గుర్రం రోజుకు తన బరువులో రెండు శాతం, అంటే తొమ్మిది కిలోల దాకా ఎండు మేత తింటుంది. అందులో పెద్ద వంతు గడ్డే ఉండాలి. నానబెట్టిన ఉలవలు, ఓట్స్, తవుడు పనిని బట్టి. నీళ్లు మామూలు రోజుల్లో 25 నుంచి 45 లీటర్లు, మన మే నెలలో ఇంకా ఎక్కువ. చెమటతో ఉప్పు కూడా పోతుంది కనుక తొట్టి పక్కన ఉప్పుగడ్డ ఉండాల్సిందే.

నేను చూసుకునేవాటిలో ప్రతిదానికీ ఒక్కో తీరు. ఒక వయసు మళ్లిన ఆడగుర్రం లారీ హారన్ మోగినా చెవి మాత్రమే తిప్పుతుంది. పందేల నుంచి విశ్రాంతి పొంది వచ్చిన కుర్ర గుర్రం పావురం ఎగిరినా అదిరిపడుతుంది. మలక్‌పేట వంటి పందేల మైదానాల నుంచి వచ్చే ఇలాంటి గుర్రాలతోనే ఓపిక ఎక్కువ కావాలి. పందెంలో పగ్గం బిగిసిందంటే బలంగా పరుగెత్తమని దానికి అలవాటు. కొత్త రౌతు భయపడి పగ్గం లాగితే అది ఇంకా ఉరుకుతుంది. అందుకే మొదటి నెలల్లో దౌడు లేదు. దాణా మెల్లగా తగ్గించి, గడ్డి పెంచి, నడక నేర్పుతాం. పగ్గం పట్టినప్పుడు అది ఒక్క అడుగు ఆగితే చాలు, వెంటనే వదులు చేస్తాం. ఆ వదులే దానికి బహుమతి. తర్వాత దుల్కీ, అంటే చిన్న పరుగు. చప్పుళ్లు అలవాటు చేయడం కూడా ఇంతే: మొదట దూరంగా చిన్న డప్పు, ఆ పక్కనే గడ్డి నములుతున్న పెద్ద ఆడగుర్రం. దాన్ని చూసి చిన్నది తల దించితే ఆ రోజుకు పాఠం అయిపోయినట్టే. బెదిరిన గుర్రాన్ని కొట్టినవాడు డప్పంటే భయానికి దెబ్బంటే భయాన్ని కూడా కలుపుతాడు. గ్రీకు సేనాని జెనోఫోన్ సుమారు 2,400 ఏళ్ల కిందటే గుర్రాన్ని కోపంతో తాకవద్దని రాశాడు. కొనేటప్పుడు ముందు పాదాలు చూడమన్నదీ ఆయనే.

గిట్టల విషయం కాస్త నిదానంగా చెప్పాలి. గిట్ట నెలకు సెంటీమీటరుకు కొంచెం తక్కువగా పెరుగుతుంది. ఐదారు వారాలకోసారి లాడం ఊడదీసి, పెరిగినది చెక్కి, మళ్లీ కొట్టాలి. మేకు దిగాల్సింది ప్రాణం లేని అంచులోనే. లోపలి పొర మీదికి పోతే మర్నాడు గుర్రం కుంటుతుంది. ఎంత లోతుకు దిగిందో లాడాలు కొట్టే నాల్‌బంద్ సుత్తి చప్పుడును బట్టే చెప్పేస్తాడు. రోజూ పనికి ముందూ తర్వాతా నాలుగు కాళ్లూ ఎత్తి రాళ్లు, బురద తీయాలి. తడి పేడలో నిలబెడితే గిట్ట అడుగున మెత్తటి భాగం కుళ్లి వాసన కొడుతుంది. ఇనుప లాడం నున్నటి సిమెంటు మీద జారుతుంది కూడా. నగరంలో పనిచేసే గుర్రానికి రోజూ కొంతసేపైనా మట్టి నేల కావాలి.

విరాటుని కొలువులో నకులుడు దామగ్రంథిగా చేరింది గుర్రాలను చూసుకోవడానికే. రాజకుమారుడు చేసినప్పుడు అది విద్య. మన తబేలాలో అదే పని చేసేవాడిది కూలీ పని ఎలా అవుతుంది? ఖరారా దువ్వెనతో ఒళ్లు తోముతూనే వేడెక్కిన కీలును, జీను ఒరిసిన చోటును చేత్తోనే పసిగడతాడు. రౌతు బందోబస్తుకు ఎక్కేసరికి ఆ గుర్రానికి మనిషి చేయంటే నమ్మకం కుదిరి ఉంటుంది. గుంపులో దాని నిబ్బరమంతా ఆ నమ్మకమే.

అశ్వదళంతో ముడిపడిన ఆ గోషామహల్‌లోనే ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనానికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. ఆసుపత్రి కావాలి, అందులో నాకు రెండో మాట లేదు. నగరంలో గుర్రాలు ఎక్కడ ఉన్నా నీడ, గాలి, మట్టి మైదానం, పక్కనే సాయిసు కుటుంబం ఉండే ఇల్లు ఇమ్మని మాత్రం అడుగుతున్నాను. సాయిసులకూ నాల్‌బంద్‌లకూ శిక్షణ, గుర్తింపు పత్రం, బీమా ఇవ్వాలి. తన్ను తగిలి ఎముక విరిగినవాడికి ఆ నెల జీతం ఆగకూడదు.

ఈ సభకు మరొక విన్నపం. వాళ్లకు తెలిసినదాన్ని తెలుగులో రాసిపెట్టుకుందాం. లద్ది రంగు, సుత్తి చప్పుడు, సకిలింపులోని తేడా, ఏ గుర్రానికి ఏ మేత అన్నదీ వాళ్ల నోటి మాటల్లోనే. మీలో కుర్రవాళ్లు ముందుకొస్తే నేను వెంట తీసుకెళ్తాను. తెల్లవారుజామున ఐదింటికి రండి. చెప్పులతో కాదు, గట్టి బూట్లతో. మొదటి వారం రాయవద్దు, సాయిసు పక్కన నిలబడి పేడ ఎత్తండి.