తేదీ చూడండి

 నేను బి.కాం. చదివి, బ్యాంకు గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. లాయరును కాను. అయినా ఈరోజు ఒక అమెరికా కేసు గురించి చెబుతాను. ఎందుకంటే అది లెక్కకూ తేదీకీ సంబంధించిన కేసు.

ఇల్లినాయ్ రాష్ట్రంలో ప్యూ అనే ఆయన, తన బంధువుతో కలిసి వ్యవసాయ వ్యాపారాలు నడిపేవాడు. చేతిలో డబ్బు ఆడక, 1999, 2000 సంవత్సరాల్లో లేని ధాన్యం కాంట్రాక్టులు చూపించి బ్యాంకులో అప్పులు తెచ్చారు. ఖాతాల మధ్య చెల్లని చెక్కులు తిప్పి, లేని నిల్వ ఉన్నట్టు చూపించారు. చెక్కు క్లియరయ్యేలోగా జరిగే ఈ మోసం మా బ్యాంకు వాళ్లకు తెలిసినదే. అతను దోషి అని తేలింది.

అక్కడి ఫెడరల్ కోర్టుల్లో శిక్షకు మార్గదర్శకాల పట్టిక ఉంది. మోసంలో నష్టం పెరిగినకొద్దీ పాయింట్లు, పాయింట్లతోపాటు జైలు నెలలు పెరుగుతాయి. నేరం నాటి పట్టిక ప్రకారం ప్యూకు 30 నుంచి 37 నెలలు. కానీ 2010లో శిక్ష వేసేనాటికి పట్టిక మారింది. కొత్త లెక్కలో 70 నుంచి 87. జడ్జి 70 నెలలు వేశారు. అప్పీలు కోర్టు సరేనంది. ప్యూ సుప్రీంకోర్టుకు వెళ్లాడు.

ఈ పట్టిక 2005 నుంచి సలహా మాత్రమే, చట్టం కాదని ప్రభుత్వం వాదించింది. సలహా అయినా జడ్జి లెక్క మొదలుపెట్టేది దానితోనే కదా అని 2013 జూన్ 10న సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో అతని పక్షాన తీర్పిచ్చింది. నేరం పోలేదు, శిక్ష లెక్క మాత్రం మళ్లీ చూడాల్సి వచ్చింది. మన రాజ్యాంగం 20(1) అధికరణం కూడా నేరం నాటి చట్టంలో ఉన్నదానికన్నా ఎక్కువ శిక్ష వేయరాదంటుంది.

మోసగాడికి ఇంత న్యాయమెందుకని మీరు అడగవచ్చు. ఒకసారి వడ్డీ రేటు పెంచుతూ సర్క్యులర్ వచ్చింది. నేను తొందరలో వెనకటి నెలలకూ కొత్త రేటు వేసి ఒక పెద్దాయన ఖాతాలో డెబిట్ రాశాను. ఆయన వాయిదాలు సరిగా కట్టేవాడు కాదు. అయినా సర్క్యులర్ తేదీ చూపించి, "బాకీ నాదే బాబూ, తప్పు మాత్రం నీది" అన్నాడు. తలవంచుకుని సరిదిద్దాను.

పిల్లలూ, తప్పుడు కాగితం మీద సంతకం పెట్టకండి. మీ మీదికి ఏ కాగితం వచ్చినా తేదీ చూడండి, గడువు చూడండి. అక్కడ ముద్దాయికి అప్పీలు నోటీసు గడువు 14 రోజులే. రేపు మీలో ఎవరైనా ఆఫీసరో జడ్జో అయితే, ఎదుటివాడు తప్పు చేసినవాడైనా సరే, లెక్క సరిగా వేయండి.