ఫోను కొనే ముందు తెలుగును పరీక్షించండి
(బీదరు జిల్లా నిర్ణాలో చేసిన ప్రసంగ పాఠం)



తక్కువ ధర ఫోను కొనేటప్పుడు కెమెరానూ, బ్యాటరీనీ, జీబీలనూ పోల్చి చూస్తాం. భాషను మాత్రం పోల్చం. 1956లో బీదరు మైసూరు రాష్ట్రంలో చేరింది. మనలో అనేకుల పిల్లలకు బడి కన్నడం, ఇల్లు తెలుగు. రెండూ మనకు కావలసినవే. అయితే బడిలో దొరకని తెలుగు అక్షరాన్ని నిత్యం కంటికి చూపగల పలక ఈ ఫోనే.

2014 నాటి ఆండ్రాయిడ్ 5తో తెలుగు, కన్నడం రెండూ మెనూ భాషలయ్యాయి. 2015లో మైక్రోమ్యాక్స్ యునైట్ 3 మన దేశంలో రూపొందిన ఫస్ట్‌టచ్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చింది. తెరపై వేలు జరిపితే సందేశం మన భాషలోకి మారేది. కంపెనీల సొంత హంగులకు సార్థకత అటువంటిదే. రంగురంగుల థీములు కాదు.

2016 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 16333 మూడవ భాగం ప్రకారం ఫోను 22 భాషలనూ చూపాలి. టైపు చేయడానికి మాత్రం ఇంగ్లీషు, హిందీలతో పాటు మరొక్క భారతీయ భాష చాలు. ఆ ఒక్కటి తెలుగే కానక్కరలేదు. కనుక అడగవలసింది మనమే.

అంగడిలోనే మూడు పరీక్షలు చేయండి. సెట్టింగులలో తెలుగును మొదట, కన్నడాన్ని తరువాత ఉంచండి. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుండి ఈ వరుస సాధ్యం. కంపెనీ చేర్చిన తెరలు కూడా తెలుగులోకి మారాయా చూడండి. రెండవది, ‘స్త్రీ’, ‘లక్ష్మి’ అని టైపు చేసి ఒత్తులు సరిగా కూడుతున్నాయా గమనించండి. తెలుగు కీబోర్డు లేకుంటే జీబోర్డును ఉచితంగా దింపుకోవచ్చు. మూడవది, తెలుగులో మాట్లాడి రాయించండి. గూగుల్ 2017లో ఈ వసతి కల్పించింది.

అవ్వ పలికిన మాటను పైఊరిలో చదువుకొనే మనవడు తెలుగులోనే చదవగలిగితే, ఆ ఫోనుకు పెట్టిన వెల సార్థకం.