శిశువుల మెడవాపునకు సూదిమందు



కొందఱు శిశువుల మెడయందో చంకయందో మెత్తని వాపు కానవచ్చును. లసికానాళములు గర్భమందే సరిగా నేర్పడక నీటితిత్తులై ఉబ్బుటయే దీనికి కారణము. ఇది క్యాన్సరు కాదు, గ్రహణదోషము కాదు, తల్లి చేసిన తప్పును కాదు.

పూర్వము శస్త్రచికిత్సయే శరణ్యము. తిత్తులు నరములను పెనవేసికొని యుండుటచే వానిని పూర్తిగా తీయుట కష్టము. మిగిలినది మరల పెరుగవచ్చును. 1987లో జపానుదేశపు వైద్యుడు షూహే ఒగిటా, ఆయన సహచరులు ఓకే-432 అను సూదిమందుతో పొందిన ఫలితములను ప్రకటించిరి. తిత్తిలోని నీటిని సూదితో తీసి, మందెక్కింతురు. లోపలిగోడలు వాచి, అంటుకొని, తిత్తి కుదించుకొనిపోవును. మన దేశమున బ్లియోమైసిన్ అను మందును ఇట్లే వాడుదురు.

పెద్దతిత్తులకు ఈ చికిత్స బాగుగా పనిచేయును. చిన్నతిత్తుల గుంపులకు అంతగా పనిచేయదు. పలుమార్లు సూది అవసరము కావచ్చును. ఓకే-432 వేసిన పిమ్మట కొన్నిదినములు జ్వరము, వాపు కలుగుట సాధారణము. ఊపిరి కష్టమైనచో మాత్రము క్షణమైనను ఆలస్యము తగదు. అది పెన్సిలిను చేర్చి తయారుచేసిన మందు గనుక, పెన్సిలిను పడని శిశువునకు ఇయ్యరాదు. ఆ సంగతి ముందే చెప్పవలెను.

మనము బజారులో కన్నడమో తమిళమో ఒడియాయో ధారాళముగా మాటాడుదుము; వైద్యుని మాట మాత్రము సగమే అర్థమగును. అర్థముకాని కాగితముపై సంతకము చేయవలదు. మందేది, ఎన్నిమార్లు, కీడేమి అని అడిగి తెలిసికొందము. తెలిసినవారు తెలియని తల్లికి తోడుగా వెళ్లుదురు గాక. వాపుపై వాతలు పెట్టించుట మానుదము.