నీటి దారి, ఇంటి స్థలం



నీరు పల్లమెరుగు అంటారు. ఆ పల్లం ఎటో చాలావరకు నిర్ణయించేది కింద ఉన్న రాయి. కర్నూలు, కడప వైపు గట్టి క్వార్ట్‌జైట్ పొరలు కొండలుగా నిలిచాయి, మెత్తని పొరలు అరిగి లోయలయ్యాయి. అందుకే కుందూ నది ఎర్రమల, నల్లమల కొండల నడుమ దక్షిణంగా పారి పెన్నలో కలుస్తుంది. పెన్న మాత్రం గండికోట వద్ద ఆ గట్టి రాతినే కోసుకుపోయింది.

హైదరాబాదు చుట్టూ గ్రానైటు. గట్టితనం దాదాపు ఒకేలా ఉండడం వల్ల వాగులు చెట్టుకొమ్మల్లా పాకుతాయి. ఆ వాగుల మీదే పెద్దలు గొలుసుకట్టు చెరువులు కట్టారు. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. 1908 సెప్టెంబరులో పైనున్న చెరువులు ఎన్నో తెగి మూసీ వరద మరింత పెరిగింది. 2020 అక్టోబరు వానలకు కాలనీలు మునిగాయి.

నేనూ గ్రాట్యుటీ సొమ్ముతో ఎండాకాలంలో ఒక ప్లాటు చూసి కొన్నాను. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అది అలుగు నీరు పారే దారి అని మొదటి పెద్ద వానకు తెలిసింది. ఆ సొమ్ము మళ్ళీ సంపాదించే వయసు కాదు.

కాబట్టి కొనే ముందు గ్రామ నక్షాలో వాగు గీత చూడండి. వానాకాలంలో వెళ్ళి ఒకసారి నిలబడండి. అక్కడి పాత రైతును అడగండి. పిల్లలకూ ఈ మాట చెప్పండి.

సెలవు.