పెద్దప్రేగు వ్యాధి – లజ్జవలని చేటు
(హిందూపురము వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



నేను బాలురకు శబ్దమంజరి చెప్పి తల నెఱసినవాఁడను, వైద్యుఁడను గాను. అయినను నేఁడు వైద్యమునుగూర్చి మాటలాడుటకు మా యింటి దుఃఖమే కారణము.

మా యన్నగారికి విరేచనమున నెత్తురు కనఁబడెను. మొలలని తలఁచి, చెప్పుకొన సిగ్గుపడి, రెండేండ్లు నాటుమందులతో గడపిరి. పరీక్ష జరుగునప్పటికి పెద్దప్రేగులోని గడ్డ ప్రేగుగోడను దాఁటిపోయెను. ఆయన మాకు దక్కలేదు. ఆ భయముచే నేనును పరీక్షకు పోతిని. నా ప్రేగునందును చిన్న కంతి కనఁబడెను. కడుపు కోయకయే దానిని తీసివేసిరి. మఱునాఁడే యిల్లు చేరితిని. ఒకతల్లి బిడ్డలమైన మాకు భేదము కాలమునందే కలిగినది.

ఈ చికిత్స యెట్టిదనఁగా, సుమారు 5 అడుగుల పెద్దప్రేగులోనికి గుదమార్గమున, కొనయందు దీపమును కెమెరాయును గల మెత్తని గొట్టమును పంపుదురు. కాడ గల కంతికి తీఁగయుచ్చు బిగించి విద్యుత్తుచే ఖండింతురు. 1969లో న్యూయార్కునందు షిన్యా, వుల్ఫ్ అను వైద్యులు ఈ త్రోవ చూపిరి. చదునుగా పఱచుకొన్న గడ్డక్రింద ద్రవ మెక్కించి, పైకి లేపి, సన్నని కత్తితో ఒలిచి తీయు విద్య పిమ్మట జపానున వృద్ధి నొందెను. తీసినదానిని సూక్ష్మదర్శినితో పరీక్షింతురు. వ్యాధి లోతునకు దిగియున్నచో శస్త్రచికిత్స కావలసివచ్చును. నెత్తురు కాఱుట, ప్రేగునకు రంధ్రము పడుట యను ప్రమాదములు అరుదుగా గలవు. కంతి క్యాన్సరుగా మాఱుటకు సాధారణముగా పలు సంవత్సరములు పట్టును. ఆ గడువే మనకు దైవ మిచ్చిన యవకాశము.

చూపించుకొనుటకు సిగ్గేల? సుశ్రుతుఁడు అర్శస్సులను పరీక్షించుటకు ప్రత్యేకముగా యంత్రమునే చెప్పినాఁడు. మన కర్నూలు వైద్యకళాశాలలో చదివిన డాక్టరు డి. నాగేశ్వరరెడ్డిగారు హైదరాబాదున ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీని నెలకొల్పి, 2025లో పద్మవిభూషణ బిరుదమును పొందిరి. మనకు బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్లే. విద్య దూరమున లేదు. మన నోరు విప్పుటయే ఆలస్యము.

కావున నెత్తురు కనఁబడినను, మలవిసర్జన క్రమము తప్పినను, కారణములేక రక్తము తగ్గినను, మొలలని మీరే తీర్పు చెప్పుకొనక వైద్యునకు చూపుఁడు. తండ్రికిఁ గాని తోఁబుట్టువునకుఁ గాని ఈ వ్యాధి వచ్చినవారు, బాధ లేకున్నను, 40 ఏండ్లకే వైద్యుని అడుగవలెను.

దాతలకు నాదొక విన్నపము. కల్యాణమండపమునకు మీ రిచ్చు ధనములో కొంత బీదలగు మనవారి పరీక్షకును ప్రయాణమునకును కేటాయింపుఁడు. మండప మొక్క సంవత్సరము ఆలస్యమైన నష్టము లేదు. మా యన్నగారికి ఆ రెండేండ్లు మరల రాలేదు.